నల్ల కాగితం విప్పిన పూట

నేను పుట్టుకతోనే గాబరా మనిషిని. గదికి తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి, వేశానో లేదోనని వెనక్కి వచ్చి లాగి చూసుకునే రకం. అలాంటిదాన్ని సూక్ష్మజీవశాస్త్రం చదవడానికి వెళ్ళాను. పొయ్యి మీద పాలు పొంగితే కళ్ళకు కనిపిస్తుంది. గాజు పళ్ళెంలో ఏం జరుగుతోందో మర్నాటిదాకా తెలియదు. ఆ మర్నాడు వచ్చేదాకా నాకు అన్నం సహించేది కాదు.

అది ఎమ్మెస్సీ రెండో ఏడు. కాలేజీ విరుదునగర్‌లో, ఇల్లు కోవిల్‌పట్టి దాటాక ఒక నల్లరేగడి పల్లెలో. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఈ తెలుగు అక్షరాలు నేను ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నవి. అప్పటికి నాకు మాటే ఉండేది, రాత లేదు. నాన్న నన్ను పైచదువుకి పంపిస్తూ ఒకే ఒక్క మాట అన్నాడు.

"రెండేండ్లు. ఇంకొగ ఏడు కావాలంటే మటుకు నన్ను అడగొద్దు. పెట్టె సర్దుకోని ఇంటికి వచ్చెయ్యి."

మా నాన్న చెడ్డవాడు కాడు. అన్న మాట మీద నిలబడే మనిషి, మంచికైనా చెడుకైనా. కాబట్టి ప్రాజెక్టు తప్పితే ఏడాది పోతుంది, ఏడాది పోతే చదువే పోతుంది. ఈ లెక్క నేను రోజూ పళ్ళు తోముకునేటప్పుడు ఒకసారి, బస్సులో ఒకసారి వేసుకునేదాన్ని.

ప్రాజెక్టు చెప్పుకోవడానికి చిన్నదే. బ్యాక్టీరియా రెండుగా చీలే ముందు తన డీఎన్‌ఏకి నకలు తీసుకుంటుంది. అతినీలలోహిత కాంతి తగిలితే ఆ డీఎన్‌ఏ పోగులో పక్కపక్కనున్న అక్షరాలు రెండు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. నకలు తీస్తూ వస్తున్న ప్రోటీన్ల గుంపు అక్కడికి వచ్చి ఆగిపోతుంది, లేదా ఆ చోటు ఖాళీగా వదిలేసి ముందుకు దూకుతుంది. అప్పుడు రెక్-ఏ అనే ప్రోటీన్ దిగుతుంది. విడిగా మిగిలిన పోగు పొడవునా దారంలా చుట్టుకుని, పక్కనే తయారైన జంట నకల్లో సరిగ్గా అదే చోటు ఎక్కడుందో వెతికి పట్టుకుంటుంది. నకలు తీసే ప్రోటీన్లు దాన్ని చూసి ఈ ఖాళీని పూరిస్తాయి. ఆపద వచ్చిందని కణమంతా చాటింపు వేయించేదీ ఆ రెక్-ఏనే. ఏదీ కుదరనప్పుడు ఆఖరి ఉపాయం ఒకటుంది. జాగ్రత్త తెలియని నకలురాయుళ్ళు ఒకరిద్దరు వచ్చి, తోచిన అక్షరం రాసేసి అడ్డంకి దాటిస్తారు. తప్పు తప్పుగానే మిగిలిపోతుంది, ప్రాణం మాత్రం నిలుస్తుంది.

నా దగ్గర రెక్-ఏ ఉన్న రకం ఒకటి, లేని రకం ఒకటి. రెండింటినీ యూవీ దీపం కింద కొన్ని సెకన్లు పెట్టి, మర్నాడు ఎన్ని బతికాయో లెక్కపెట్టడం నా పని. ఉన్నది చాలావరకు బతకాలి, లేనిది చావాలి. అంతే కథ. అయితే ఒక మెలిక ఉంది. బ్యాక్టీరియాలో ఇంకో ప్రోటీన్ ఉంది. అది మామూలు వెలుతురులోంచి బలం తెచ్చుకుని, ఆ అతుకును నేరుగా విడదీసేస్తుంది. నకలు తీసేవాళ్ళు అక్కడికి చేరేలోపే దెబ్బ మానిపోతుంది, రెక్-ఏతో పనే ఉండదు. అందుకని యూవీ చూపించాక ప్లేట్లు వెలుతురు చూడకూడదు. గది కిటికీలు మూసి, ఎర్ర బల్బు వెలుగులో పని చేసి, ప్లేట్లను నల్ల చార్టు కాగితంలో చుట్టి ఇంక్యుబేటర్ అనే వెచ్చటి పెట్టెలో పెట్టాలి.

మా ల్యాబ్‌లో సహాయకురాలు ఒకామె ఉండేది. నలభై దాటిన మనిషి. గాజు సామాను కడగడం, ఉడకబెట్టాల్సినవి ఉడకబెట్టడం, బల్లలు తుడవడం ఆమె పని. ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. నేను ఒకసారి ఫోన్‌లో అమ్మతో మాట్లాడుతుంటే విని, చేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చింది.

"మీరు మన బాసేనా అమ్మా?"

వాళ్ళది కారియాపట్టి వైపు పల్లె. తరతరాలుగా మాలాంటి వాళ్ళ పొలాల్లో కూలి చేసిన కుటుంబం. మొదట్లో అమ్మా, మీరు అనేది. నెల తిరిగేసరికి పాపా, నువ్వు అయింది. మా ఊళ్ళో అయితే వాళ్ళలాంటివాళ్ళు మా ఇంటి అరుగు దగ్గరే నిలబడిపోతారు. ఇక్కడ నేను ఆమెను నోరారా అక్కా అని పిలిచేదాన్ని. అలా పిలుస్తున్నందుకు నన్ను నేను మెచ్చుకునేదాన్ని కూడా. అంత చవగ్గా మంచిదాన్ని అయిపోయాను.

అక్కకు ఒకసారి హెచ్చరిక పడి ఉంది. ఎవరో పెంచుతున్న సూక్ష్మజీవుల ద్రవం వాసన వస్తోందని, చెడిపోయిన రసం పారబోసినట్టు పారబోసింది. అప్పటినుంచి ల్యాబ్ గోడ మీద ఒక కాగితం అంటించారు. విద్యార్థి చెప్పనిదే సహాయకులు ఎవరి ప్లేట్లూ ముట్టకూడదు, ఏం చేయకూడదో వాళ్ళకు చెప్పాల్సిన బాధ్యత విద్యార్థిది. చెప్పకపోతే ఆ విద్యార్థి ప్రాజెక్టే లెక్కలోకి రాదు. ఆ కాగితం తమిళంలో ఉంది. అక్క చదవగలదో లేదో నేను ఎన్నడూ అడగలేదు.

ఆ ఏడు ఆయుధ పూజ సెలవులు వరుసగా మూడు రోజులు వచ్చాయి. సెలవులకు ముందు రోజు మధ్యాహ్నం డిపార్ట్‌మెంట్‌లో పూజ. మా వైపు ఆ పండక్కి బండి దగ్గర్నుంచి బడిపిల్ల పెన్సిలు దాకా అన్నీ కడిగి, గంధం బొట్టు పెట్టి, స్వామి ముందు పెడతారు. పూజ అయ్యాక వాటికి విశ్రాంతి. మర్నాడు విజయదశమికి మళ్ళీ తీస్తారు. ల్యాబ్‌లో మైక్రోస్కోపులకూ తక్కెడకూ కూడా అదే మర్యాద.

యూవీ దీపం నాకు ఆ పొద్దుటే దొరికింది. తెల్లవారి ఎనిమిదికల్లా వెళ్ళి తలుపులు మూసుకుని పని ముగించాను. ప్లేట్లు చుట్టి లోపల పెట్టి, మూత పడిందో లేదో మూడుసార్లు చూశాను. సెలవుల ముందు కోవిల్‌పట్టి బస్సుల్లో నిలబడడానికి కూడా చోటుండదు కాబట్టి పూజ దాకా ఆగకుండా వెళ్ళిపోవాలని తొందర.

"అక్కా, ఈ పెట్టె ఆపొద్దు. సెలవు దినాలంతా నడుస్తా ఉండాల" అన్నాను.

"అదెట్ల పాపా? పూజ అయినాక సామాన్లకి ఓయ్వు ఇయ్యాల కదా?"

"ఇదొకదానికి వద్దక్కా. నా పరీచ్చ అంతా దీంట్లోనే ఉండాది."

ఆమె ఇంక్యుబేటర్ వంక చూసి కాస్త ఆలోచించింది. "సరి. నీకోసరం. సామికి కోపం వస్తే నేను చెప్పుకుంటాలే" అంది.

నల్ల కాగితం సంగతి నేను చెప్పలేదు. గుర్తు లేక కాదు. నోటిదాకా వచ్చింది. ఇదంతా ఈమెకు చెప్తే ఏం తెలుస్తుందిలే, అనుకున్నాను. బస్సుకు టైమవుతోంది.

సెలవులు మూడు రోజులూ నేను మనిషిని కాను. ఊళ్ళో విత్తనాలు వేసే అదను, ఇంటినిండా పని. నేను మాత్రం కరెంటు పోయినప్పుడల్లా, విరుదునగర్‌లో కూడా పోయిందేమో, ఇంక్యుబేటర్ చల్లబడిందేమో అని కూర్చున్నచోట కూర్చోలేకపోయాను. అమ్మ నవ్వింది. "ఏమే, బిడ్డను ఆడ వదిలిపెట్టి వచ్చినట్ల ఆడతావు" అంది.

తిరిగి వచ్చిన రోజు ప్లేట్లు తీసి చూశాను. చావాల్సినవి చావలేదు. రెక్-ఏ లేని రకం ప్లేటు నిండా, నువ్వులు చల్లినట్టు తెల్లటి చుక్కలు. లెక్కపెట్టడం మొదలుపెట్టి వంద దాటాక ఆపేశాను. రెండు రకాలనూ తారుమారు చేశానా? సీసాల మీద గుర్తులు తప్పు రాశానా? అయితే మూడు నెలలుగా చేసినదంతా తప్పేనా? అనుమానం పెనుభూతం అంటారు. అది వచ్చి నా భుజం మీద కూర్చుంది. సీసాలన్నీ దించి చూశాను. ఆ తొందరలో ఒకటి పగిలింది కూడా.

గాబరాలో అంతవరకు చూడనిది అప్పుడు కనిపించింది. ప్రతి ప్లేటు మూత మీదా ఒక గంధం బొట్టు, దాని మధ్య కుంకుమ. నల్ల కాగితం లేదు. ఇంక్యుబేటర్ కింది అరలో నాలుగు మడతలుగా చక్కగా మడిచి ఉంది.

"అక్కా, ఇది ఎవరు పెట్టింది?"

అక్క సింకు దగ్గరినుంచి నవ్వుతూ వచ్చింది. "నేనే పాపా. నీ సదువు కదా ఇది? పెట్టె తుడిచేదానికి అన్నీ బయటికి తీస్తిని. చూస్తే నీవి మటుకు నల్ల కాయితంలో ఉండాయి. పూజ దినం నల్లది కూడదు కదా? విప్పేసి, సామి పటం ముందర, కిటికీ కాడ బల్ల మింద వరసగా పెట్టినాను. కర్పూరం చూపించి మళ్ళా లోపల పెట్టినాను. కాయితం చింపలేదు, చూడు."

"ఎంతసేపు ఉండినాయి అక్కడ?"

"సారు వచ్చి పూజ ముగిసేదానికి పన్నెండు దాటింది." ఆమె వంగి ప్లేట్లలోకి చూసింది. "అన్నీ బాగా మొలిచినాయి. పొద్దున్నే చూసినాను. సామి వట్టి చేతులతో పంపించదు."

దక్షిణం కిటికీ. మూడు గంటల వెలుతురు. దీపం కింద తిన్న దెబ్బలన్నీ నకలు మొదలయ్యేలోపే మానిపోయి ఉంటాయి. తారుమారు ఏమీ కాలేదు, నా మూడు నెలల పనికీ ఢోకా లేదు. ఒక్క క్షణం ఊపిరి వచ్చింది. ఆ క్షణం దాటాక కోపం వచ్చింది. కోపం దాటాక, ఆమెకు కాగితం సంగతి చెప్పనిది నేనే కదా అని గుర్తొచ్చింది. ఆ మూడోది రాగానే నేను భయపడ్డాను. ఆ భయమే మిగతావాటన్నిటికంటే ఎక్కువసేపు నిలిచింది.

నా ప్రాజెక్టు గైడ్ సరిగ్గా అప్పుడే లోపలికి వచ్చారు. అరవడం తెలియని మనిషి. ఆయన మెల్లగా మాట్లాడితేనే మాకు చెమటలు పట్టేవి. ప్లేట్లు ఒక్కొక్కటి వెలుతురుకు ఎత్తి చూశారు. గంధం బొట్టు చూశారు. కాగితం మడత చూశారు.

"వీటిని ఎవరు విప్పింది?" అని తమిళంలో అడిగారు.

"అక్క సార్" అన్నాను.

ఆ రెండు మాటలూ నిజమే. వాటి తర్వాత రావాల్సిన మాట ఇంకొకటి ఉంది, విప్పకూడదని నేను ఆమెకు చెప్పలేదు సార్ అని. అది నేను అనలేదు. గోడ మీది కాగితం కనిపిస్తోంది. నాన్న మాట వినిపిస్తోంది. నోరు తెరవడానికి నాకు కావలసినంత సమయం ఉంది. ఆయన తొందరపెట్టలేదు. నేను నేల వైపు చూస్తూ నిలబడ్డాను.

ఆయన అక్కను తన గదిలోకి పిలిచి తలుపు వేశారు. నేను బయట సింకు దగ్గర నిలబడి, కడిగిన ఫ్లాస్కునే మళ్ళీ కడిగాను. గరుకు అద్దంలోంచి ఇద్దరి నీడలు తప్ప ఏమీ తెలియలేదు. లోపల ఆమె, నాకు ఎవరూ చెప్పలేదు సార్, అనేస్తుందనుకున్నాను. ఆయన నన్ను పిలుస్తారు. ఏడాది పోతుంది. ఎప్పుడు పిలుస్తారోనని ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని నిలబడ్డాను. పది నిమిషాలకు అక్క బయటికి వచ్చి, నా వైపు చూడకుండా, నా చేతిలోని ఫ్లాస్కు తీసుకుని ఆరబెట్టింది.

ఆయన నన్ను పిలిచి తిట్టలేదు. "మళ్ళీ చెయ్యి. ఒక వరస చీకట్లో పెట్టు, ఒక వరస కావాలనే వెలుతురులో పెట్టు. పొరపాటు నీకొక మంచి పోలిక ఇచ్చింది, వాడుకో" అన్నారు. నా గురించి ఒక్క మాట కూడా అడగలేదు. ఎందుకు అడగలేదో ఆలోచించే ధైర్యం నాకు లేదు. గండం గడిచింది, అంతే చాలనుకున్నాను.

మళ్ళీ చేశాను. ఈసారి చీకట్లో పెట్టిన వరసలో రెక్-ఏ లేని రకం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. వెలుతురులో పెట్టిన వరసలో చాలా బతికాయి. గ్రాఫు బొమ్మ గీస్తే రెండు గీతలు ఎంతో దూరంగా విడిపోయి, చూడడానికి ముచ్చటగా వచ్చింది. ఆ రోజుల్లో అక్క నాతో మామూలుగానే ఉండేది. "తిన్నావా పాపా" అని అడిగేది. నేనే దొంగకు తేలు కుట్టినట్టు ఉండేదాన్ని. ఆమె కడగడానికి వచ్చే సమయానికి లైబ్రరీకి పోయేదాన్ని.

దీపావళి సెలవుల తర్వాత సింకు దగ్గర వేరే ఆమె ఉంది. ఆఫీసులో అడిగితే, పాతామెకు కాంట్రాక్టు పొడిగించలేదు, రెండో తప్పు కదా, అన్నారు. నేను అలాగా అని తల ఊపి వచ్చేశాను. ఆ తల ఊపడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

వైవాకు పరీక్షకుడిగా వచ్చిన పెద్దాయన నా బొమ్మ దగ్గరే ఆగిపోయారు. వెలుతురు వరస పెట్టాలన్న ఆలోచన ఎలా వచ్చిందని అడిగారు. "గైడ్ గారు సూచించారు సార్" అన్నాను. అదీ నిజమే. నిజాలు చెప్తూనే ఎంత దూరం పోవచ్చో ఆ ఏడు నేర్చుకున్నాను. మొదటి తరగతిలో పాసయ్యాను. నాన్న ఆ సాయంత్రం వీధిలో కనిపించిన ప్రతివాళ్ళనీ ఆపి చెప్పాడు.

అక్క కోవిల్‌పట్టిలో వాళ్ళ చెల్లెలి ఇంట్లో ఉంటోందని, అగ్గిపెట్టెల కంపెనీలో పనికి పోతోందని ల్యాబ్‌లో కొత్తగా వచ్చిన ఆమె ద్వారా తెలిసింది. మా ఊరి బస్సు ఆ కంపెనీ ముందు నుంచే పోతుంది. నెలన్నర పాటు సర్టిఫికెట్ల పని మీద దాని ముందు నుంచే పోతూ వస్తూ ఉన్నాను. ఒకరోజు మధ్యాహ్నం ఎందుకో దిగేశాను. అన్నం వేళ. గేటు లోపల వేపచెట్టు నీడలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని డబ్బాలు విప్పుతున్నారు. అక్క నన్ను చూసి ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని లేచి వచ్చింది. రెండో చేతి వేళ్ళ కొసలు అగ్గిపుల్లల మందు అంటి ఎర్రగా ఉన్నాయి.

"పాపా! పాసయినావా?"

"అయినాను అక్కా."

"నేను చెప్పితిని కదా!" అని పక్కనున్నామె వైపు తిరిగి, "మా పాప. పెద్ద సదువు" అంది.

ఇంక ఆగలేకపోయాను. దారంతా కూర్చుకున్న మాటలేవీ రాలేదు. "అక్కా, ఆ దినం సారు అడిగితే నీ పేరు చెప్పింది నేనే. నల్ల కాయితం విప్పొద్దని నేను నీకు చెప్పనే లేదు. ఆ మాట సారుతో చెప్పలేదు. నువ్వు చెప్తావని బయంతో చచ్చిపోతా బయట నిలబడి ఉంటిని."

ఆమె ఎడమచేత్తో కొంగు సర్దుకుంది. కోపం లేదు.

"సారు అడిగినారు పాపా. 'ఆ పిల్ల నీకు చెప్పిందా, చెప్పలేదా, నిజం చెప్పు' అని రెండు తడవలు అడిగినారు. గోడ మింద కాయితం చూపించినారు."

"నువ్వు ఏం చెప్పినావు?"

"చెప్పింది సారూ, నేనే మరిచిపోయినాను అన్నాను."

నేను ఏదో అనబోయాను. ఆమె వినలేదు.

"చెప్పలేదంటే నీకు ఏడు పోయుండును. మీ నాయన ఇంటికి పిలిపించుకుంటాడని నువ్వే కదా ఎప్పుడూ చెప్తా ఉంటివి? నాకు ఈ వేలై పోతే ఇంకొగ పని. చూడు, దొరికింది కదా?" అంది. "నువ్వు తిన్నావా?"

తినలేదన్నాను. ఆమె నన్ను తన పక్కన కూర్చోబెట్టి, డబ్బా మూతలో సగం అన్నం పెట్టింది. గంట కొట్టేదాకా ఇద్దరం తిన్నాం.